మైకు మావయ్య మీద ఈగ

రెండోసారి వచ్చిన పక్షవాతం పెద్దాయన నోటినే ముందు మింగింది. బస్టాండులో మైకు పట్టుకుని 'బస్సు రాదు, సీటు లేదు, డ్రైవరు ఆగడు' అని ఏళ్ల తరబడి జనాన్ని హడలగొట్టిన గొంతు అది. వీధి వీధంతా మైకు మావయ్య అనేది. ఇప్పుడాయన కరెంటు పోయిన మైకు. ఒంట్లో కదిలేవి రెప్పలు మాత్రమే.

మందుల షాపులో పనిచేసే కూతురు ఆ రెప్పలకే ఒక భాష నేర్పింది. ఒకసారి ఆర్పితే కాదు, రెండుసార్లు ఆర్పితే ఔను. జన్మంతా లేదు, కాదు అంటూ బతికిన మనిషి గనక 'కాదు'ను తేలిగ్గా ఉంచింది. చిక్కల్లా ఒకటే. ఎవరైనా అడిగితే తప్ప ఆయన చెప్పలేడు.

అల్లుడిది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. ఫోనుకు తగిలించే బుల్లి కటకం ఒకటి కొన్నాడు. కటకం అల్లుడిది, కటకట మావగారిది. చీమ మీసాలు, ఉప్పురాయి మూలలు, గుండీ కన్నంలో దారపు పీచులు, అన్నీ తీసి వాట్సాప్ ఫొటోల గుంపులో పెట్టాడు. ఎవడో కందిరీగ మొహం పెట్టేసరికి ఇతనికి ఈగ కన్ను మీద కన్ను పడింది. దానికి వేలి మందం దూరంలో ఫోను పెట్టాలి, ఊపిరి బిగబట్టాలి, ఈగ కదలకూడదు. గోడ మీద నిలవలేదు, బల్ల మీద నిలవలేదు. అది నింపాదిగా కూర్చునే చోటు ఇంట్లో ఒక్కటే ఉంది. వెచ్చనిది, మెత్తనిది, చెయ్యెత్తి తోలలేనిది.

పగలు పెద్దాయన్ని చూసుకునే ఆయా బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కగానే అతను చక్కెర పాకంలో కుంచె ముంచి మావగారి కంటి కింద గీత గీసేవాడు.

"మీలాంటి మోడలు ఎక్కడా దొరకడు మావయ్యా. ఈ గతి అందరికీ పట్టదు. ఈగ, గతి. కలిపి చదువుకోండి," అని తనే నవ్వుకునేవాడు.

ఈగ వాలేది. కంటి నీరు తాగేది. రెప్ప కొడితే లేచేది, మళ్లీ వాలేది. ఒకరి చేతిలో సెల్లు, ఒకరి గడ్డం మీద సొల్లు. పెద్దాయన లోపల ఏ మైకూ మోయలేని బూతులు తిడుతూ ఉండేవాడు.

ఒక సాయంత్రం కూతురు తండ్రి మొహం తుడుస్తుంటే గుడ్డ చర్మానికి అంటుకుంది. దిండు మీద చీమల బారు కనబడింది. ఆమె ఆయా వైపు తిరిగింది.

"ఏం పెడుతున్నావే ఈయనకి? షుగరు మనిషని చెప్పానా లేదా?"

"మీరు కలిపిచ్చిన జావ తప్ప ఏం పెట్టలేదమ్మా, ఒట్టు. ఈగలు ముసురుతుంటే పేపరుతో తోలుతున్నా."

"ఊరికే ముసురుతాయా?"

అల్లుడు ల్యాప్‌టాప్ నుంచి తలెత్తలేదు. "ఆయన్నే అడగరాదూ. పాపం, అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు."

కూతురు వంగింది. "నాన్నా, ఆయా నీకు తీపి పెడుతోందా?"

పెద్దాయన ఉన్న బలమంతా రెప్పల్లోకి తెచ్చుకున్నాడు. ఒక్కసారి ఆర్పాడు. ఆరిన పాకం బంకలా పట్టేసి రెప్ప సగమే లేచింది. అంతలో ఈగ వచ్చి వెంట్రుకల మధ్య కాలు పెట్టింది. రెప్ప దానంతటదే టపీమని పడింది.

"రెండు," అంది కూతురు. "రేపట్నుంచి రావద్దు."

ఆయా చెప్పులు వేసుకుంటూ, "నేనేం చేశానండీ పెద్దయ్యగారూ మిమ్మల్ని," అంది. ఆయన కాదు, కాదు, కాదు, కాదు అని వరసగా ఆర్పాడు.

"రెండేసి చొప్పున ఇంకా ఔనంటున్నాడు," అన్నాడు అల్లుడు.

పగలంతా తనే చూసుకుంటానని కూడా అన్నాడు. ఆ మాటకు కూతురి కళ్లు చెమర్చాయి. మర్నాడు ఆమె బయల్దేరుతుంటే తండ్రి రెప్ప వేయకుండా ఆమెనే చూశాడు. అడుగు, ఇంకొక్కటి అడుగు, అని.

"చూడండి, ఎంత నిమ్మళంగా చూస్తున్నాడో," అని ఆమె బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది.

అల్లుడు కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"మొన్నటి ఫొటోలన్నీ అలికేసినట్టు వచ్చాయి మావయ్యా. తప్పు నాది కాదు, మీరు రెప్ప కొడుతున్నారు."

టేపు చుట్టలోంచి రెండు ముక్కలు తుంచాడు. పై రెప్పను బొటనవేలితో మెల్లగా పైకి లాగి అంటించాడు. తర్వాత రెండో కంటికి. ఊడిరాకుండా గోటితో అంచులు నొక్కాడు.