రేపల్లెలో లేవని కర్ణుడు

జకరయ్య కృష్ణుడి కిరీటాన్ని ఒళ్ళో పెట్టుకుని నెమలిపింఛం కుడుతున్నాడు. ఎడమ బొటనవేలి గోరు కింద నీలిరంగు. నలభై ఏళ్ళుగా అది పోలేదు. ఆదివారం చర్చికి బయలుదేరేముందు భార్య సుగుణమ్మ చింతపండు పెట్టి తోముతుంది. "ఏంటయ్యా, ఈ దేవుడి దగ్గరకి ఆ దేవుడి రంగుతో వస్తావా" అని గొణుగుతుంది. రంగు మాత్రం కదలదు.

తెనాలిలో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే దుకాణం అది. వెనక గదిలో గోడనిండా మేకులు, మేకులకు గదలు, గడ్డాలు, అట్టముక్కల భుజకీర్తులు. జకరయ్య పద్యనాటకాలకు మేకప్ చేస్తాడు. నాటకం లేని రోజు కిరీటాలు బాగుచేస్తాడు. అరవై ఆరేళ్ళు, సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దూది ఉండ.

ఆయన పద్ధతి ఒకటే. దేవుళ్ళకు రంగు దట్టంగా వేస్తాడు. వీరులకు పలచగా వేస్తాడు, ఎందుకంటే వాళ్ళు చావాలి. చచ్చే వేషానికి పెదవుల మీద ఎరుపు తగ్గిస్తాడు. మొదటి అంకంలో ఎవరికీ తెలియదు. ఆఖరి అంకంలో లైటు పడగానే ఆ ముఖం పాలిపోతుంది. పక్కన దేవుడు మెరుస్తూ నిలబడి ఉంటాడు.

స్కూలు వార్షికోత్సవానికి దుస్తులు తీసుకెళ్ళడానికి జ్యోత్స్న టీచర్ వచ్చింది. ఆరుగురు కృష్ణులు, ఇద్దరు రాములు.

"కర్ణుడొద్దా టీచరమ్మా? మంచి డ్రెస్సుంది."

"చచ్చిపోయే వేషమండి అది. పోయినేడు ఒకడికి వేయిస్తే వాళ్ళమ్మ గొడవకొచ్చింది. చావడానికి మావాడే దొరికాడా అని."

"కృష్ణుడే నయమండి. నవ్వుతూ నిలబడితే సరిపోద్ది" అన్నాడు జకరయ్య.

ఆమె నవ్వి మూటలు ఆటోలో పెట్టించుకుంది. అప్పుడే ఫోన్ మోగింది. బాపట్ల నుంచి హైమావతి. నరసింహం కూతురు.

"బాబాయ్, డాక్టరుగారు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. తెచ్చేశాం. నాన్న మీకోసం నిన్నా అడిగాడు, ఇవాళా అడుగుతున్నాడు. ఎలా ఉంది నాన్నా అంటే, నేనింకా రేపల్లె స్టేజీ మీదే పడున్నానమ్మా అంటున్నాడు. ఆ మాటేంటో నాకు తెలీదు. మీకు తెలుసంట."

జకరయ్యకు తెలుసు.

"ఏ రైలుకొస్తారు? పదకొండింటికి ఉందిగా."

"వస్తానమ్మా" అన్నాడు.

పాతికేళ్ళు నరసింహం కర్ణుడు వేశాడు. జకరయ్య రంగు వేశాడు. కర్ణుడు కూలాక తెర పడుతుంది. మిగతా నటులైతే వెంటనే లేచి చొక్కా వెతుక్కుంటారు. నరసింహం లేవడు. కళ్ళు మూసుకుని అలాగే పడుకుంటాడు. జకరయ్య వెళ్ళి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కిరీటం తీసి, చెవిలో మూడుసార్లు పిలవాలి. "నరసింహం, తెర పడింది. లే." మూడో పిలుపుకు ఆయన కళ్ళు తెరిచి సోడా అడుగుతాడు.

శవాన్ని శ్మశానానికి మోసుకెళ్ళేటప్పుడు దారిలో దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, ఇంకా ప్రాణం ఉందేమోనని చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. నరసింహం ఆ ఆచారాన్ని స్టేజీ మీదికి తెచ్చుకున్నాడు. "చచ్చినవాడు లేచి సోడా తాగడం మన దగ్గరే కుదురుద్ది. అంచేత పద్ధతిగా లేవాలి" అనేవాడు. మామూలప్పుడు జకరయ్య ఆయన్ను నరసింహంగారూ అని పిలుస్తాడు. ఆ మూడు పిలుపుల్లో మాత్రం గారు ఉండకూడదు. "గారు అంటే లేవను. చావు దగ్గర మర్యాదలేంట్రా?" ఆ నియమమూ నరసింహం పెట్టిందే.

ఒక్కసారే తప్పింది. ఆరేళ్ళ కిందట, రేపల్లెలో. పగటిపూట పోటీ నాటకం. మొదలయ్యేముందు శాలువాలు కప్పుతున్నారు. ఎవరో జకరయ్యకూ ఒకటి కప్పమన్నారు. మైకు ముందు నరసింహం ఉన్నాడు. "మావాడికి శాలువా ఎందుకండీ, రంగు తుడుచుకుంటాడు" అన్నాడు. హాలంతా నవ్వింది. జకరయ్యా నవ్వాడు.

ఆ సాయంత్రం తెర పడింది. కర్ణుడు పడి ఉన్నాడు. జకరయ్య స్టేజీ పక్కనుంచి ఒక నిమిషం చూశాడు. రంగులపెట్టె మూసి, వెనక తలుపులోంచి స్టేషనుకు నడిచాడు. తెనాలి ప్యాసింజరు దొరికింది.

తర్వాతి సంగతి ఇతరులు చెప్పారు. కుర్చీలు మడిచారు, మైకులు విప్పారు, తెర కూడా ఊడదీశారు. నరసింహం లేవలేదు. ముప్పావుగంట తర్వాత ఊడ్చే మనిషి చీపురుతో వచ్చి, "పెద్దాయనా, కొంచెం లేస్తారా" అన్నాడట.

నరసింహం మళ్ళీ రంగు వేసుకోలేదు. ఇద్దరిలో ఎవరూ ఫోన్ చెయ్యలేదు. జకరయ్య ఎన్నోసార్లు బాపట్ల మీదుగా రైల్లో వెళ్ళాడు. దిగలేదు.

వట్టి చేతులతో ఎలా వెళ్ళడం? లేచి కర్ణుడి కిరీటాన్ని మేకు మీంచి దించాడు. రేపల్లెలో ఆయన తలమీద ఉన్నది అదే. ముందువైపు రెండు అద్దం బిళ్ళలు ఊడిపోయాయి. ఇలా చూపిస్తే బాగుండదు. కొత్త బిళ్ళలు కోసి, జిగురు రాసి, అంటించి, ఎండలో పెట్టాడు. ఆరడానికి రెండు గంటలు పడుతుంది.

పదకొండింటి రైలు కూత వినిపించింది. ఆరనీ, అనుకున్నాడు. జిగురు ఆరడానికి రెండు గంటలు. నరసింహం గుమ్మంలో నిలబడి అనాల్సిన మొదటి మాట ఆ రెండు గంటల్లోనూ దొరకలేదు.

ఒంటిగంట రైలెక్కాడు. ఒళ్ళో గుడ్డసంచి. ఎదురు సీట్లో పొన్నూరు వెళ్ళే ఆవిడ వంగి చూసింది.

"ఏంటి బాబాయ్, మెరుస్తోంది?"

"కిరీటమమ్మా."

"ఎవరికి?"

జకరయ్య సంచి మూతి ముడివేశాడు.

పొన్నూరుకి దిగాల్సిన నిడుబ్రోలులో ఆవిడ దిగిపోయాక ఫోన్ మోగింది. "బాబాయ్, పన్నెండున్నరకి..." అని హైమావతి ఆగిపోయింది. "అలాగేనమ్మా" అన్నాడు జకరయ్య. అలా ఎందుకన్నాడో తనకే తెలియలేదు. అప్పికట్ల వచ్చింది, పోయింది.

బాపట్లలో, ఇంటి వాకిట్లో నరసింహాన్ని చాప మీద పడుకోబెట్టారు. జకరయ్య అలవాటు కొద్దీ ముఖాన్ని పరీక్షగా చూశాడు. ఇన్నేళ్ళూ తప్పుగా వేశాడు. చచ్చిన ముఖం పాలిపోయి ఉండదు. తెల్లని రంగు ఎంత కలిపినా రాని పసుపు అది. పెదవులు కొద్దిగా తెరుచుకుని, సోడా అడగబోతున్నట్టు ఉన్నాయి.

"ఏమన్నా అన్నారా అమ్మా?"

"రైలు టైములన్నీ నాన్నకి నోటికే వచ్చు బాబాయ్. పన్నెండింటిదాకా గుమ్మంకేసి చూశాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు."

ఆమె నింద వెయ్యలేదు. జరిగింది చెప్పింది, అంతే.

నాలుగింటికి పాడె లేచింది. అల్లుడు నిప్పుకుండతో ముందు నడిచాడు. కాలవగట్టు మీద, తుమ్మచెట్టు దగ్గర దించారు. హైమావతి అక్కడిదాకా వచ్చింది.

"కొడుకుల్లేరు. ఎవరు పిలుస్తారమ్మా?" అన్నాడు ఒక పెద్దాయన.

"మా బాబాయ్ పిలుస్తాడు."

"ఆయన మన బంధువు కాదు కదమ్మా. చర్చికి వెళ్ళేవాళ్ళు."

"పాతికేళ్ళు నాన్న ఈయన పిలిస్తేనే లేచాడండి."

పెద్దాయన పక్కకు జరిగాడు.

రెండు చేతులూ కావాలి. జకరయ్య సంచిని గడ్డిలో పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, చెవి చుట్టూ అరచేతులు ఆనించాడు.

"నరసింహంగారూ" అన్నాడు.

గారు అంటే లేవడు. గొంతు సవరించుకున్నాడు.

"నరసింహం, తెర పడింది. లే."

కాలవలో నీళ్ళు పారుతున్నాయి.

"నరసింహం, తెర పడింది. లే."

ఎవరో దగ్గారు. జకరయ్య కనురెప్పల వంకే చూస్తున్నాడు. అవి ఎప్పుడు కదులుతాయో పాతికేళ్ళుగా ఆయనకు తెలుసు.

"నరసింహం, తెర పడింది."

ఆ ఆఖరి మాట రాలేదు. అలాగే కూర్చుండిపోయాడు. కాసేపటికి ఒక చెయ్యి భుజం మీద పడింది.

"చాలు పెద్దాయనా" అన్నాడు వెనకనుంచి ఆ పెద్దమనిషే, మెల్లగా. "లేవండి."

జకరయ్య లేచాడు. మోకాళ్ళకు అంటిన మట్టి దులుపుకోలేదు. పాడె ఎత్తుతుంటే ఒక మూల ఖాళీగా కనిపించింది. భుజం పట్టాడు. ఎవరూ వద్దనలేదు. గట్టు దిగి శ్మశానం వైపు తిరిగారు.

తుమ్మచెట్టు కింద గడ్డిలో సంచి ఒరిగి, ముడి వదులై, కిరీటం సగం బయటికి వచ్చింది. జిగురు బాగా ఆరింది. కొత్తగా అంటించిన రెండు అద్దం బిళ్ళలూ ఊడకుండా, పొద్దుగూకే ఎండను పట్టుకుని ఉన్నాయి.