రాయి కింద టోపీ

ఖున్హాయ్ వెదురు గుంజ మీద చెయ్యి వేసి ఊపి చూశాడు. కదలలేదు. పక్కదాని దగ్గరికి వెళ్లి దాన్నీ ఊపాడు. వాకిలి నిండా ఇలాంటి గుంజలే, తడికలు ఆనించడానికి జతలు జతలుగా పాతినవి. పొద్దున్నే ఒక్కోదాన్నీ ఊపి చూడందే ఆయనకు గంజి దిగదు. నిన్న చూసినవేగా అంటే, నిన్నటి గాలి వేరంటాడు. ఆయనతో వాదించి గెలిచినవాడు మా వీధిలో ఇంకా పుట్టలేదు.

పొట్టి మనిషి. మోకాళ్లు బయటికి వంగి ఉంటాయి. చెవులు మాత్రం పెద్దవి, పల్చనివి, ఎదురెండలో ఎర్రగా కనిపిస్తాయి. చెంపలు ఏళ్ల తరబడి సముద్రపు గాలి తిని తోలులా బిగుసుకుపోయాయి. మీసాలు రాని వయసులో ఈ సేమ్యా పాకలో పనికి చేరాడు. మొదటి యజమాని పోయాడు, ఆయన కొడుకూ పోయాడు. ఇప్పుడు ఆ కొడుకు పెళ్లాం సియుగిమ్ పాక నడుపుతోంది. ఇన్నాళ్లలోనూ ఒక్క తడిక కూడా ఖున్హాయ్ సొంతం కాలేదు. పెళ్లాం పోయాక బియ్యపు కొట్టు పక్క గదిలోనే పడుకుంటున్నాడు. చెప్పుకోవడానికి ఇంకేమీ లేని బతుకు అనిపిస్తుంది, ఆయన టోపీ తీయడం చూడనివాళ్లకి.

అది చూసి తీరాలి. వాకిలి మధ్యలో సముద్రం వైపు తిరిగి, ఈశాన్యం కుడి చెంపకీ నైరుతి ఎడమ చెంపకీ వచ్చేలా నిలబడతాడు. వెదురాకు టోపీ తీసి నేల మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన ఒక రాయి పెడతాడు. టోపీ మీదికి రాయి ఎక్కిందంటే వాకిట్లో ఎవరూ మాట్లాడరు. చంకలో పిల్లాడు ఏడుస్తుంటే తల్లి వాణ్ని తీసుకుని వీధిలోకి వెళ్లిపోతుంది. ఆయన కళ్లు మూసుకుని, రెండు చెంపలూ గాలికి ఒప్పజెప్పి నిలబడతాడు. తర్వాత "పరచండి" అంటాడు, లేదా ఏమీ అనకుండా టోపీ తీసి పెట్టుకుంటాడు. మా వీధిలో మిగతా పాకలవాళ్లు కూడా గోడ మీంచి ఆ టోపీ వంకే చూస్తుంటారు. అడిగితే మాత్రం, మేమెందుకు చూస్తాం, మాకు చెంపల్లేవా అంటారు.

మా బియ్యపు సేమ్యా ఎండ కంటే గాలికే ఎక్కువ ఆరుతుంది. తిరగలిలో రుబ్బిన పిండిలో నీళ్లు పిండేసి, ఉడికించి, పిసికి, తీగలుగా ఒత్తి మళ్లీ ఆవిరి పట్టాక పూట లోపల దానికి పొడిగాలి తగలాలి. తగలకపోతే పులుస్తుంది. ఆ గాలి తొమ్మిదో నెలలో మొదలవుతుంది. ఎక్కడినుంచి వస్తుందో ఖున్హాయ్‌కి రేడియో చెప్పింది. వాతావరణం చదివే ఆవిడ గొంతంటే ఆయనకు ఎంత ఇష్టమంటే, ఆవిడకు జలుబు చేస్తే ఈయన అల్లం టీ కాచుకునేవాడు. ఎక్కడో మంగోలియా మైదానాల్లో రాత్రుళ్లు పొడుగై నేల గడ్డకడుతుంది. దానిమీది గాలి చల్లబడి, బరువెక్కి, కుదురుకుని కూర్చుంటుంది. ఆవిడ దాన్నే అధిక పీడనం అంటుంది. దక్షిణాన సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, అక్కడి గాలి తేలికై పైకి పోతుంటుంది. బరువుగాలి ఆ తేలిక చోటుకి బయల్దేరుతుంది. భూమి తిరుగుతోంది కాబట్టి తిన్నగా రాలేదు, పక్కకి ఒరిగి ఈశాన్యం నుంచి వస్తుంది. చివర్లో అవతలి దేశం కొండలకీ మా దీవి కొండలకీ మధ్య ఇరుకు సముద్రంలో దూరి, సందులో మనిషి అడుగు పెంచినట్టు వేగం పెంచి, మా వాకిళ్ల మీద పడుతుంది.

విన్నది నమ్మి ఊరుకునే మనిషి కాదాయన. ఉడికించే పాకలో పొయ్యిలు మండుతుండగా ఊదువత్తి వెలిగించి గడప దగ్గర పట్టుకున్నాడు. పొగ లోపలికి పోయింది. అదే వత్తిని ద్వారబంధం పైన పట్టుకుంటే పొగ బయటికి పోయింది. సియుగిమ్‌ని పిలిచి చూపించాడు.

"చూశావా అమ్మాయ్, వేడిది పైనుంచి పోతోంది, చల్లనిది కిందనుంచి వస్తోంది. పైన పోయిందే మళ్లీ చల్లారి కిందికి దిగుద్ది. లోకమంతా ఓ వంటపాక. మనకి గడప దగ్గర చోటు దొరికింది, అంతే."

"మరి పొయ్యి దగ్గర చోటెవరిది పెదనాన్నా?" అందామె.

"దక్షిణాన ఉన్నోళ్లది. అందుకే వాళ్లకి చెమటలు."

ఆ రోజు ఆమె నవ్వింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఈ మధ్య మాత్రం నవ్వడం లేదు. తీరం పక్కనే ఒక అల్పపీడనం తిష్ఠ వేసి నైరుతి నుంచి చెమ్మగాలిని లాగుతోంది. పోయిన వారం ఒక పూట ఖున్హాయ్ టోపీ మీద రాయి పెట్టి, నిలబడి, "పరచండి" అన్నాడు. పరిచారు. సాయంత్రానికి సేమ్యా బూడిద రంగుకి తిరిగి పుల్లని వాసన కొట్టింది. అంతా పందులకు పోసేశారు. అంతకు ముందు వాయి వానలో పోయింది. ఊరంతా వాతావరణాన్ని తిట్టింది. ఖున్హాయ్ ఎవరినీ తిట్టలేదు. రాత్రి అన్నం కూడా తినలేదు.

ఈ వాయి కూడా పోతే తిరగలీ వాకిలీ మరిది బున్‌కీకి అప్పగించి పుట్టింటికి పోతానని సియుగిమ్ కుటుంబ పెద్దల ముందు ఒప్పుకుంది. పిండి రుబ్బేసి ఉంది. ఇవాళ ఉడికించక తప్పదు. అల్పపీడనం తూర్పుకి జరుగుతోందనీ, వెనకే ఉత్తరపు చలిగాలి వస్తోందనీ, మధ్యాహ్నానికి మన తీరం చేరవచ్చనీ పొద్దున రేడియో ఆవిడ చెప్పింది. మధ్యాహ్నం అంటే ఎప్పుడు, ఏ వాకిలికి అన్నది ఆవిడ చెప్పలేదు, అంత దూరం నుంచి ఎలా చెబుతుంది.

గుంజలు చూడటం అయ్యాక ఖున్హాయ్ ముల్లంగి ఊరగాయతో గంజి తాగాడు. ఎడమ వైపు పెదవి నుంచి గంజి కారింది. చేత్తో తుడుచుకున్నాడు, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. తర్వాత పాకలోకి వెళ్లి ఆవిరి పట్టిన తీగలను సియుగిమ్‌తో పాటు విడదీశాడు. వేళ్లు మాత్రం ఎప్పటిలాగే మెత్తగా, చకచకా కదిలాయి. ఒక్క తీగ తెగలేదు. తీగల మడతలన్నీ తడిగుడ్డ కింద సర్దాక ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు. గోడ పక్కన బున్‌కీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వదినా, మా బొగ్గు కుంపట్ల గదిలో పెట్టేద్దాం, ఆరిపోద్ది."

"బొగ్గు వాసన పట్టిన సేమ్యా నువ్వు తింటావా?" అంది సియుగిమ్.

"పంది తిన్నదాని కంటే నయమేగా."

గాలి వాటం చూడటానికి వాకిట్లో కర్రకు కట్టిన గుడ్డముక్క అప్పుడు కదిలింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. గాలి వచ్చేశాక ఆ గుడ్డ ఎవరికైనా చెబుతుంది. వచ్చే ముందు చెప్పేది చెంపే. ఆలస్యమైతే తీగలు ముద్దయిపోతాయి, తొందరపడితే చెమ్మ పడుతుంది. ఖున్హాయ్ తన చోటుకి వెళ్లి టోపీ తీశాడు. నేల మీద పెట్టి, రాయి పెట్టాడు. వాకిలి నిశ్శబ్దమైంది. గోడ మీద పక్క పాకల తలకాయలు లేచాయి.

చాలాసేపు నిలబడ్డాడు. ఎప్పుడూ అంతసేపు నిలబడలేదు. సియుగిమ్ పిడికిళ్లు బిగించుకుని ఆయన నోటి వంకే చూస్తోంది. ఆయన కళ్లు తెరిచి ఆమె వైపు తిరిగాడు.

"నాకు తెలవట్లేదమ్మాయ్."

ఆయన చేత్తో ఎడమ చెంప తట్టుకున్నాడు.

"ఎడం చెంప చచ్చిపోయింది. ఎనిమిదో నెల పున్నమి పండగ నించీ ఇంతే. గిల్లినా తెలవదు. మొన్న నైరుతి గాలి మన పాక గోడకి కొట్టుకుని తిరిగొచ్చి కుడి చెంపకి తగిలింది. ఎడం చెంప బతికుంటే అసలు గాలి అటుందని చెప్పేది. చెప్పలా. ఆ వాయి పోయింది నా మూలాన. వాతావరణం తప్పేం లేదు. చెబితే పనిలోంచి తీసేస్తావని భయమేసింది."

అందరి ముందూ ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. గాలి పేరు చెప్పుకుని బతికే మా వీధిలో, చెంప పోయిందని ఒప్పుకున్నవాణ్ని నేను ఇంకొకణ్ని చూడలేదు.

"నిన్ను తీసేసి నేనెక్కడికి పోతాను పెదనాన్నా," అంది సియుగిమ్. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు. చెంపలు తడిస్తే అబద్ధం చెబుతాయి. తుడుచుకుని ఇట్రా. జుట్టు ముడేసుకో, చెవులు కనపడాలి. కళ్లు మూసుకో."

ఆమె టోపీ పక్కన నిలబడింది.

"ఏ చెంపకి తగుల్తోంది?"

"ఎడమది. కొంచెం కుడి కూడా."

"ఎడమది ఎట్టా ఉంది?"

"ముద్దముద్దగా. ఆవిరి గుడ్డ ఆనించినట్టు."

"కుడిది?"

"అదీ అంతే. నీరసంగా."

"అది గోడ మీంచి తిరిగొచ్చేది. దాన్ని వదిలెయ్యి."

"ఇదేం పెళ్లిచూపులా, చెంపలు చూసుకోడానికి," అన్నాడు బున్‌కీ. గోడ మీద ఒకరిద్దరు నవ్వారు. ఖున్హాయ్ అటు తిరగలేదు.

గుడ్డముక్క వాలిపోయింది. వాకిట్లో చీమ నడిచినా వినిపించేంత నెమ్మది కమ్ముకుంది. సియుగిమ్ కళ్లు తెరవబోయింది.

"తెరవకు. పోయేది పోయింది, వచ్చేది ఇంకా గడప దాటలా. ఊపిరి పీల్చుకుంటా ఉండు."

తడిగుడ్డ కింద తీగలు చల్లారిపోతున్నాయి.

"చెవి వెనక," అందామె. "కుడి చెవి వెనక సన్నగా చల్లగా ఉంది. పొడిగా. చర్మం లాగుతోంది."

"ఎడమ?"

"ఏమీ లేదు."

"మరి చెప్పు."

"నువ్వు చెప్పు పెదనాన్నా."

"చెంప నీది. చెప్పాల్సిందీ నువ్వే, యజమానమ్మా."

ఆమె కళ్లు తెరిచింది. గుడ్డముక్క ఇంకా వేలాడుతూనే ఉంది. "పరచండి," అంది, గొంతు పగిలింది, మళ్లీ గట్టిగా, "పరచండి."

అందరూ ఒక్కసారిగా కదిలారు. సగం తడికలు గుంజలకు ఆనేసరికి గుడ్డముక్క లేచి నైరుతి వైపు తిన్నగా సాగింది. ఇక దిగలేదు. మంగోలియాలో బయల్దేరిన బరువంతా వచ్చి మా వాకిట్లో పడ్డట్టు గాలి హోరెత్తింది. తడికలు కిర్రుమన్నాయి, ఒక్క గుంజా ఊగలేదు. పక్క పాకలవాళ్లు గోడలు దిగి తమ తడికల కోసం పరిగెత్తారు. బున్‌కీ చేతులు కట్టుకుని ఎంతసేపు నిలబడగలడు, చొక్కా విప్పి నడుముకి చుట్టుకుని తనూ తడికలు మోశాడు. మోస్తూ మోస్తూ, "వదినా, ఇది పడిపోద్దేమో చూడు," అని అరిచాడు. అంతవరకూ ఆమెను ఏ పనికీ అభిప్రాయం అడిగినవాడు కాదు.

ఖున్హాయ్ కొన్ని తడికలు మోశాడు. తర్వాత వెళ్లి పాక గోడకు వీపు ఆనించి గడప పక్కన కూర్చున్నాడు. టోపీ పెట్టుకోలేదు. కుడి చెంప గాలికి ఇచ్చి, తీగలు పాలరంగు నుంచి దంతపు రంగులోకి తిరగడం చూస్తూ కూర్చున్నాడు. సియుగిమ్ తడికల వరసల్లో అటూ ఇటూ తిరుగుతోంది, మధ్యమధ్య ఆగి, కళ్లు మూసుకుని, మళ్లీ నడుస్తోంది. ఆయన మొహంలో నవ్వుంది. ఎడమ వైపు అందలేదు కానీ కుడి వైపు పూర్తిగానే ఉంది.

ఎండ వాలేవేళకు సియుగిమ్ మొదటి తడిక అంచు నుంచి ఒక తీగ తీసింది. ఆ రోజు ఆరిన మొదటి తీగను పాకలో పెద్దవాళ్ల చెవి దగ్గర విరవడం మా ఆనవాయితీ. సరిగ్గా ఆరితే టక్కుమంటుంది, పెద్దవాళ్లు "ఊఁ" అంటారు. అప్పుడు తడికలు దించుతారు. ఆమె గడప దగ్గర వంగి ఆయన పెద్ద చెవి పక్కన తీగ విరిచింది. టక్కుమంది. ఆమె నవ్వుతూ ఆగింది. ఇంకొకటి విరిచింది. అదీ టక్కుమంది. ఆయన ఊఁ అనలేదు.

ఆమె కేక వేయలేదు. ఆయన కుడి చెంప మీద చెయ్యి వేసి చూసింది. గాలంత చల్లగా ఉంది. లేచి నిలబడి, వాకిట్లో అందరికీ వినపడేలా తనే "ఊఁ" అంది. సేమ్యా పాడుచేస్తే ఆయన ఊరుకోడని ఆమెకు తెలుసు. తడికలన్నీ దించి, చివరి మడత కొట్టులోకి చేరాకే బున్‌కీ మిగతా మగవాళ్లతో వచ్చి ఆయన్ని ఎత్తాడు. తల వైపు బున్‌కీయే పట్టుకున్నాడు.

మర్నాడు ఆయన వస్తువులన్నీ ఆయనతో పాటు పంపేశారు. గంజి గిన్నె, చెప్పులు, రేడియో. వాకిలి మధ్యలో రాయి కింద ఉన్న టోపీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. సియుగిమ్ దాని పక్కన జుట్టు ముడేసుకుని నిలబడితే వాకిలి ఇప్పటికీ నిశ్శబ్దమవుతుంది. గాలి వచ్చినప్పుడు వెదురాకు అంచు ఒకవైపు కొంచెం లేస్తుంది, రాయి దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది.