ఎర్రబడిన ఎండుచేపలు

"ఒలే సత్యా, సేపల దగ్గిరికి రాకు! ఈ మూడ్రోజులూ అటే ఉండు."

మా అత్త చిట్టమ్మ నెలనెలా వేసే కేక ఇది. ముట్టయిన ఆడదాని గాలి తగిలితే ఉప్పుచేపలు ఎర్రబడతాయని భీమిలిలో మా అత్తవారింటి నమ్మకం. ఎర్రబడ్డ చేపని ఎవరూ కొనరు.

పెళ్ళయిన కొత్తలో ఓ గంపెడు కానగంత చేపలు ఎర్రబడ్డాయి. మావయ్య పోలిరాజు నావైపు చూసి ఉమ్మేశాడు. పోర్టులో గుమాస్తా అయిన నా భర్త వీరేంద్ర, "ఎమ్మెస్సీ సదివినావు, ఆమాత్రం తెలవదేటి?" అన్నాడు. ఆరోజు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. ఆ ఎరుపు సంగతేమిటో తేల్చాలనే యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరాను.

"సదువుకో, ఎవులొద్దన్నారు? ఇంట్లో పన్లు ఆగకుండా సూసుకో" అన్నాడు వీరేంద్ర. నీళ్ళు, వంట, చేపలవేట నుంచి వచ్చే మావయ్యకి వేడినీళ్ళు, అంట్లు అయ్యాక పదకొండింటి బస్సు. మళ్ళీ మూడింటికి తిరుగుబస్సు. ఆ కాస్తలో ఎర్రబడ్డ చేపల మీది బాక్టీరియా నుంచి డీఎన్‌ఏ తియ్యడం, కొయ్యడం, ఏ ముక్క ఎక్కడుందో చూడడం ఎలా కుదురుతుంది? అది మూడు రోజులు ఏకబిగిన చెయ్యాల్సిన పని.

మూడు రోజులు! నాకు వెలిగింది. బయటుంటే వంట లేదు, అంట్లు లేవు, ఎక్కడికెళ్ళావని అడిగేవాడు లేడు. తెల్లారగానే బస్సెక్కి సాయంత్రం దాకా ల్యాబులోనే. మా ప్రొఫెసర్ శ్రీరామ్మూర్తి గారు నోట్‌బుక్ తిరగేసి, "ఏమ్మా, నీ ప్రయోగాలన్నీ నెలకోసారే! ముహూర్తం చూసి చేస్తున్నావా?" అన్నారు. అలాంటిదే సార్, అన్నాను.

నాలుగేళ్ళలో సంగతి తేలింది. ఎరుపు ఉప్పులోని బాక్టీరియాది. దాని రంగు జన్యువులోకి ఓ డీఎన్‌ఏ ముక్క దూకితే అది తెల్లబడిపోతుంది. ఆ ముక్కేదో పట్టుకున్నాను. ఎంత సంబరమో! ఇక పది రోజుల్లో థీసిస్ ఇవ్వాలి. కానీ ఇంట్లో నిజం చెబితే నా మూడు రోజులూ పోతాయి, చెప్పకపోతే నిందంతా నాదే.

ముందు అత్తకి చెప్పాను. ఎర్రగా పెరిగిన గాజుపళ్ళెం చూపించి, "ఇది మన ఉప్పే అత్తా. బస్తా విప్పిందీ, ఉప్పు చల్లిందీ మా అటెండరు గవర్రాజు. ఆయనకి ముట్టేమిటి?" అన్నాను.

అత్త పళ్ళెం అందుకుని వెలుతురులో తిప్పి చూసింది. "అయితే మాయత్త నన్ను అన్నేళ్ళు ఒట్టినే తిట్టిందా?" అంది. కళ్ళు తుడుచుకుంది. వెంటనే గొంతు తగ్గించి, "మగోళ్ళకి సెప్పకు. ఆ మూడ్రోజులూ పోతే మనకి నడుం వాల్సే యోగం నేదు. నీ సదువుకెన్ని రోజులు కావాల? పదా? ఈపాలి నీకు ఆగట్నేదని సెప్తాను" అంది.

నవ్వొచ్చింది, ఆశ కూడా పుట్టింది. ఇన్నాళ్ళూ అలాగే నెట్టుకొచ్చాను మరి. కానీ నేనే అబద్ధమని తేల్చినదాని చాటున కూర్చుని థీసిస్ రాయడానికి మనసొప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు అనేశాను. "రేపట్నుంచి పది రోజులు నేను వంట చెయ్యను. ముట్టు కాదు, చదువు. చేపలు ఎర్రబడేది ఉప్పు వల్ల, నావల్ల కాదు."

మావయ్య చేతిలో ముద్ద కంచంలో పడేశాడు. వీరేంద్ర మాత్రం తొణకలేదు. "పోన్లే, అమ్మ ఉంది కదా!"

అత్త గరిటె కింద పెట్టింది. "నానూ సెయ్యను. నాకు మూడ్రోజులు."

"నీకు మొన్ననే కదేటే అయింది?" అన్నాడు మావయ్య.

"నాకు ఆగిపోయి ఆరేళ్ళయింది" అంది చిట్టమ్మ.

నా పెళ్ళయి అయిదేళ్ళు. అంటే నేనొచ్చిన దగ్గర్నుంచీ నెలకి మూడు రోజులు ఈవిడ వంతు వంట కూడా నాచేత చేయించుకుని అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుందన్నమాట! కోపం రావాలి. మా ఇద్దరికీ నవ్వాగలేదు.

వీరేంద్ర మెల్లిగా లేచి బియ్యం డబ్బా ఎక్కడుందని అడిగాడు. వెతుక్కోమన్నాం.