మా అప్ప మెయిన్ దించితే

చింతామణిలో మా అప్ప, అంటే మా నాన్న, మునికృష్ణప్పది చెనక్కాయల మండీ. కింద మండీ, పైన నా కంప్యూటర్ సెంటర్. చెనక్కాయల దుమ్ము మెట్లెక్కి పైకి వస్తుంది, సెంటర్ పిల్లల గోల మెట్లు దిగి కిందికి పోతుంది. అందుకని ఆయనకూ నాకూ రోజూ ఏదో ఒక మాట పట్టింపు వచ్చేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరూ అంటారు. అది ఎవరి పోలికో మా మండీలో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

చిక్కబళ్ళాపుర జిల్లా అయిన ఏడాది సంగతి ఇది. కెంచార్లహళ్ళి వైపు ఊళ్ళనుంచి నా దగ్గరికి వచ్చే పిల్లలంతా కన్నడ మీడియం. తెర మీద ఇంగ్లీషు చూస్తే మౌస్ పట్టుకోవడానికే జంకేవాళ్ళు. మా కంప్యూటర్లు నడిచే లినక్స్‌కి విల్లో అని ఒక కొత్త డెస్క్‌టాప్, అంటే తెర మీద మెనూలూ పట్టీలూ చూపించే ప్రోగ్రాం, తయారవుతోందనీ, అందులో మెనూలన్నీ కన్నడలోనే వస్తాయనీ చదివి నేను ఎగిరి గంతేశాను. అది ఇంకా విడుదల కాలేదు. బీటా అనే పరీక్ష కాపీ మాత్రం బయట పెట్టి, వాడి చూసి తప్పులు పట్టండి అని తయారు చేసేవాళ్ళే అడుగుతున్నారు. తప్పులు పట్టమని ఒకరు నన్ను బతిమాలడం అదే మొదటిసారి.

నా దగ్గర పాఠాలు చెప్పే గిరీశ్ చిక్కబళ్ళాపురకి పోయి, అక్కడ స్పీడు నెట్ ఉన్న చోట దాన్ని సీడీకి ఎక్కించుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఎక్కించబోతే అది లేదు, ఇది లేదు అని అలిగింది. అది తెచ్చి పెడితే దానికి ఇంకొకటి కావాలంది. మగపెళ్ళివారికి మర్యాదలు చేసినట్టు అడిగినవన్నీ అందించాక చివరికి తెర వెలిగింది. కింద పట్టీ, మూలన మెనూ, అన్నీ కన్నడలో. ఎప్పుడూ వెనక బెంచీలో నక్కి కూర్చునే ఆశా ముందుకొచ్చి మెనూ మొత్తం గట్టిగా చదివింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

మర్నాడు పొద్దున కంప్యూటర్లు వేస్తే సగం వాటిలో తెర ఖాళీ. పట్టీ లేదు, మెనూ లేదు, ఉత్త నీలం రంగు. దాని సెట్టింగుల ఫైలు తెరిచి చూస్తే లోపల ఒక్క అక్షరం లేదు. మళ్ళీ అన్నీ సరిచేశాను. ఆ మరుసటి పొద్దున మళ్ళీ అదే కథ. సరిచేయడం, పోగొట్టుకోవడం, ఇదే పనైపోయింది. పిల్లలు "మేడం, ఈ పొద్దు కన్నడం ఉండాదా, పోయినాదా" అని మెట్ల మీదనుంచే అడిగేవాళ్ళు.

విల్లోలో ఆ భాగం రాసేది జర్మనీలో ఎమిల్ అని ఒకాయన. జరిగింది జరిగినట్టు రాసి పంపాను. తన దగ్గర ఎన్నిసార్లు చూసినా అలా జరగడం లేదని మర్యాదగా జవాబిచ్చాడు. మళ్ళీ రాశాను. ఈసారి ఇంకాస్త మర్యాదగా, మీ యంత్రాల్లోనే ఏదో దోషం ఉండొచ్చు, వేరే ఆధారం లేకపోతే విడుదలకు ముందు ఈ ఫిర్యాదు మూసేస్తాను అన్నాడు. మూసేస్తే నేను లేనిది ఉన్నట్టు చెప్పినదాన్ని అవుతాను. పైగా అదే లోపంతో అది ఊరూరికీ పోతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా మాట అబద్ధమన్నవాళ్ళని ఇంతవరకూ నేను ఊరికే వదల్లేదు, ఇప్పుడు జర్మనీలో ఉన్నాడు కదా అని వదులుతానా?

ఒక సాయంకాలం పిల్లలు షట్‌డౌన్ నొక్కి వెళ్ళిపోయారు. నేనూ మెట్లు దిగి, టిఫిన్ డబ్బా మరిచిపోయానని వెనక్కి వెళ్ళాను. తెరలన్నీ నల్లగా ఉన్నాయి గానీ కంప్యూటర్ డబ్బాల మీద దీపాలు ఇంకా మిణుకుమంటున్నాయి. లోపల పని సాగుతోంది. ముందు వాడిన డెస్క్‌టాప్ ఠక్కున ఆగిపోయేది, ఇది తెర ఆర్పేశాక కూడా తన సెట్టింగులు రాసుకుంటోంది. నేను చూస్తుండగానే గదిలో లైటుతో సహా అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

కిందికి పరుగెత్తాను. మా అప్ప మెయిన్ స్విచ్చు ఇనప పిడి కిందికి దించి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటున్నాడు. మండీ మూసేటప్పుడు దేవుడికి దీపం పెట్టి, పిడి దించి, దండం పెట్టుకుని, తాళం గుంజి చూడడం మా తాతనాటి ఆచారం. పైన నా సెంటర్ వెలిసినా ఆ ఆచారం మారలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని నాకు అప్పుడు తెలిసింది.

"అప్పా, నా కంప్యూటర్లు చంపుతాండేది నువ్వే" అన్నాను.

"మూసేటప్పుడు మెయిన్ దించకుండా పోతారామ్మా? ఎలుక వైరు కొరికితే మండీ అంతా బూడిదవుతాది. మీ పిలకాయలు పోయినాకే కదా దించినాను" అన్నాడు. నేను అరిచాను, ఆయనా అరిచాడు.

మర్నాడు గిరీశ్‌కి చెబితే నవ్వాడు. "ఇంతేనా అక్కా? కొంచేపు ఆగి దించమని అప్పకు చెప్తే అయిపోయె" అన్నాడు. ఎమిల్‌కి రాస్తే ఆయనా అదే అన్నాడు. కంప్యూటర్ పూర్తిగా ఆగేదాకా కరెంటు తీయకూడదు, ఇది వాడేవాళ్ళ పొరపాటు, ఫిర్యాదు మూసేస్తున్నాను అని.

నిజమే, అప్పకు ఒక్క మాట చెబితే నా సెంటర్‌లో బాధ తీరిపోయేది. కానీ నాకు మనసొప్పలేదు. బాగేపల్లిలో నాలాగే సెంటర్ నడిపే అమరేష్ కూడా అదే బీటా వాడుతున్నాడు. ఫోన్ చేసి అడిగాను. "ఈడ మెయిన్ ఎవురూ దించరు ప్రతిమక్కా, కరెంటోళ్ళే దించుతారు. పిలకాయలు ఇండ్లకు పొయ్యే టైముకే పవర్ కట్. నాకూ తెర ఖాళీనే వస్తాండాది. నా కంప్యూటర్లు పాతవి కదా, అందుకేమో అనుకొని గమ్మునుండాను" అన్నాడు.

ఆ మాటతో నాకు ఏనుగంత బలం వచ్చింది. మా అప్పకైతే చెప్పగలను, బాగేపల్లికీ పేరేసంద్ర లాంటి ఊళ్ళకీ వచ్చే కరెంటుకి ఎవరు చెబుతారు? కరెంటు పోతే చేతిలో ఉన్న పని పోవచ్చు గానీ నిన్నటిది పోకూడదు. విల్లో కొత్త సెట్టింగులు రాయడానికి ముందు పాతవి చెరిపేస్తోందని నాకు అనుమానం. దాన్ని కళ్ళకు కట్టినట్టు చూపించాలి.

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అన్నాడు గిరీశ్. అంటూనే ఒక పాత కంప్యూటర్ తుడిచి పెట్టాడు.

మధ్యాహ్నం బేరాలు తగ్గాక అప్ప దగ్గరికి పోయాను. ఆయన ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. "అప్పా, నువ్వు మెయిన్ దించాల. నేను పైనుంచి అన్నప్పుడంతా దించాల, మళ్ళా ఎత్తాల" అన్నాను.

"మొన్న దించితే తిడితివి, ఈ పొద్దు దించమంటాండావు. నీకేమన్నా గాలి సోకిందా?"

"జర్మనీలో ఒకాయన నేను అబద్ధం చెప్తాండాననుకుంటాండాడప్పా."

అప్ప మెల్లిగా లేచి, చేతులకున్న దుమ్ము దులుపుకున్నాడు. "మన ఇంటోళ్ళ మాట అబద్ధమని ఎవురన్నారు? పైకి పో, చెప్పు ఎప్పుడు దించాల్నో" అన్నాడు.

పైన నేను షట్‌డౌన్ నొక్కుతాను, మెట్ల మీద నిలబడిన గిరీశ్ నా చెయ్యి చూసి కేక వేస్తాడు, కింద అప్ప పిడి దించుతాడు. తొందరపడితే పాతవి అలాగే ఉంటున్నాయి. ఆలస్యమైతే కొత్తవి రాసేసుకుంటోంది. ఆ రెండింటికీ మధ్య ఒక సందు ఉంది, అక్కడ దించితే రెండూ లేవు. ఆ సందు దొరికేదాకా మా మండీ దీపాలు ఆరుతూ వెలుగుతూనే ఉన్నాయి. ఎదురు అంగడి వెంకటరాయప్ప వచ్చి, "ఏం మునికృష్ణప్పా, ముందే దీపావళి చేస్తాండావా?" అన్నాడు. "ఊరుకో వెంకటరాయప్పా, పాప పని చేస్తాండాది" అన్నాడు అప్ప. ఆ మాట పైకి వినబడింది. నేను చేసేదాన్ని ఆయన పని అనడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

సందు దొరికాక అక్కడే మళ్ళీ మళ్ళీ దించి చూశాం. ప్రతిసారీ తెర ఖాళీ. అదంతా పూసగుచ్చినట్టు ఎమిల్‌కి రాశాను. చివర ఇంకో మాట చేర్చాను: మీ ఊళ్ళో కరెంటు పోదు కాబట్టి మీకు కనబడలేదు, మా ఊళ్ళో పోతుంది కాబట్టి మాకు కనబడింది, మీరు నమ్మకపోతే మీ ప్లగ్గు మీరే పీకి చూడండి.

పీకి చూశాడు. రెండు రోజులకు జవాబు వచ్చింది. అప్ప పక్కన స్టూలు మీద కూర్చుని తెలుగులో చెప్పమన్నాడు. "నీవు చెప్పిందే నిజం, నేను పొరబడ్డాను. ఇకమీదట కొత్తది పూర్తిగా రాసి, సరిగా ఉందని చూసుకున్నాకే పాతదాన్ని తీసేస్తుంది. మెయిన్ దించి పరీక్ష చేసింది మీ నాన్న అని రాశావు. సాయం చేసినవాళ్ళ పేర్లలో ఆయన పేరు కూడా వేస్తాం, ఏమని వేయమంటావు?" అని చదివాను.

"నా పేరెందుకమ్మా? నేను చేసింది తప్పని కదా నువ్వు ఆ పొద్దు నన్ను తిట్టింది" అన్నాడు.

"నువ్వు దించకపోయుంటే ఈ లోపం యాడుందో ఎవురికీ తెలిసేది కాదప్పా" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, పోయి వెంకటరాయప్పను పిలుచుకొచ్చి, "ఇంగోసారి చదువమ్మా" అన్నాడు.

విల్లో విడుదలైన రోజు సెంటర్‌లో అన్ని కంప్యూటర్లకూ ఎక్కించాం. పేర్లుండే చోటు తెరిచి అప్పకు చూపించాను. ఇంగ్లీషు రాని మనిషి, నేను చూపిన చోట వేలు పెట్టి, ఎవరో పెద్దమనిషి పేరు చూసినట్టు చూశాడు. ఇంత గర్వం నాకు నా పరీక్షలు పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఆ సాయంకాలం పిల్లలు షట్‌డౌన్ నొక్కి పోయారు. నేను మెట్లు దిగేసరికి అప్ప దేవుడికి దీపం పెట్టి, పిడి మీద చెయ్యి వేసి, నా వైపు చూసి ఆగాడు.

"దించు అప్పా" అన్నాను.

దించాడు. నేను పైకెక్కి చూడలేదు.