తప్పుల్లేని జవాబులు

పోస్టులో బి.ఏ. చదవొచ్చని పేపర్లో వేసిన కొత్తల్లో, జమ్మలమడుగు మొత్తం మీద ఆ చదువులో చేరిన ఆడపిల్ల ఖమ్రున్నీసా ఒక్కతే. చేర్పించింది వసంతమ్మ టీచరు. పిల్ల తండ్రి, టైలరు ఖలందర్‌ను ఒప్పించిందీ ఆమే. ఖలందర్ తల ఎత్తకుండా మిషను తొక్కుతూనే సరేనన్నాడు గాని, ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

"ఒక్క యాడాది తప్పినా మానిపిస్తా టీచరమ్మా. అప్పుడు మళ్లా మీరు నా అంగడికి రావద్దు."

"తప్పదులేప్పా. నేనుండాను గదా," అంది వసంతమ్మ.

వసంతమ్మ కూతురు మాధవి, ఖమ్రున్నీసా ఒకే బెంచీలో కూర్చుని ఎస్సెల్సీ దాకా చదివారు. మాధవి పోయి రెండేళ్లు. ఆ సంగతి వసంతమ్మ ఎవరితోనూ మాట్లాడదు. భర్త అంతకు చాలా ముందే పోయాడు. బడి నుంచి ఇంటికొస్తే చేయడానికి ఏమీ ఉండేది కాదు. ఒక మనిషికి వంట ఎంతసేపు? ఖమ్రున్నీసా చదువులో చేరాక సాయంత్రాలకు ఒక పని దొరికింది. పాఠాల కట్ట పోస్టులో వచ్చేది. పిల్ల దాన్ని చంకలో పెట్టుకుని వచ్చేది. ఇద్దరూ చాప మీద కూర్చునేవాళ్లు. వసంతమ్మ చదివి చెప్పేది, పిల్ల తలూపేది. దీపం పెట్టే వేళకు ఇల్లు ఇల్లులా ఉండేది.

కొన్నాళ్లు ఇలాగే జరిగింది. తర్వాత పులివెందుల సారు వచ్చాడు.

పాఠాలు పంపితే చాలదని, చదివేవాళ్ల సందేహాలు తీర్చడానికి, వాళ్లు రాసి పంపిన జవాబులు దిద్దడానికి విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడక్కడా ట్యూటర్లను పెట్టారు. ప్రొద్దుటూరుకు నారాయణ అనే ఆయనను వేశారు. ఉండేది పులివెందులలో. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరు వచ్చి, అద్దెకు తీసుకున్న ఒక గదిలో కూర్చునేవాడు. ఖమ్రున్నీసా, తన తల్లి షాహీదాబీని తోడు తీసుకుని పోయింది. మొదటి ఆదివారం బస్సు దిగి బురఖా కూడా తీయకుండా నేరుగా వసంతమ్మ ఇంటికొచ్చింది.

"ఆ సారు శానా తమాషా మనిషి టీచరమ్మా. పాఠమే చెప్పడు."

"మరింక ఏం చేస్తాడు?"

"వచ్చి కూర్చుని, యాడ అర్థం కాలేదో చెప్పండప్పా అంటాడు. ఎవురూ పలక్కపోతే, అయితే మీకంతా వచ్చేసింది, నేను పులివెందులకు పోతాండా అని సంచి ఎత్తుకుంటాడు. అప్పుడు అందరూ సార్ సార్ అని చేతులెత్తుతారు."

చెప్పి నవ్వింది. మాధవి పోయాక ఆ పిల్ల ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలు. వసంతమ్మ సంతోషించాల్సింది. నవ్వించింది మాత్రం ముఖమైనా తెలియని ఎవరో మనిషి.

"పాఠం చెప్పేది చేతగాక అట్ల చేస్తాండాడేమో."

"లేదు టీచరమ్మా. చీనీకాయలు తెచ్చినాడు. ఒకణ్ణి నిలబెట్టి తినిపించినాడు. మొదటిది ఎంత బాగుంటాదో రెండోది అంత బాగుండదు, ఇట్లే పెడతాపోతే నన్ను కొడతావు అన్నాడు."

"దాన్ని క్షీణోపాంత ప్రయోజన సూత్రం అంటారు. పోయిన వారమే చెప్పినా నీకు."

"మీరు చెప్పింది ఇదేనా?" అంది ఖమ్రున్నీసా, నిజంగానే ఆశ్చర్యపోయి.



ఆనాటి నుంచి ఏ మాట మొదలుపెట్టినా పిల్ల నోట సారే. సారు ఇట్లన్నాడు, సారు అట్ల కాదన్నాడు. దిద్దిన మొదటి జవాబు పోస్టులో తిరిగొచ్చింది. అంచుల నిండా ఎర్రసిరా. 'ఇది నీ మాటల్లో చెప్పు.' 'ఇక్కడెందుకు ఆగిపోయినావు?' 'ఇది నువ్వు నమ్ముతావా?' పిల్ల ఒక్కో మాటకూ వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకుంది. వసంతమ్మ పక్కన కూర్చుని చూస్తోంది. ఐదో తరగతి నుంచి దిద్దాను, నా దిద్దుబాట్లను ఎప్పుడైనా ఇట్లా చూసుకుందా అనుకుంది.

"ఇంకమీద పోస్టులో వేసేముందు నాకు చూపియ్యి. తప్పుల్తో పోతే మన ఊరి పేరు పోతాది," అంది.

ఊరి పేరు వంక మాత్రమే. ఆయన ఎర్రసిరాకు చోటు మిగలకూడదు, అదీ ఆమెకు కావాల్సింది. అక్షరదోషాలతో మొదలుపెట్టి వాక్యాలు మార్చింది, వాక్యాలతో ఆగక జవాబులే మార్చింది. పిల్ల వాటిని శుభ్రంగా ఎత్తి రాసేది. ఆ తర్వాత తిరిగొచ్చిన జవాబుల మీద అడుగున ఒక్క మాటే ఉండేది: 'బాగుంది.' ఖమ్రున్నీసా కాగితం తిప్పి, వెనకవైపు ఇంకేమైనా రాశాడేమోనని చూసేది.

"చూసినావా? ఒక్క తప్పు దొరకలేదు ఆయనకు," అనేది వసంతమ్మ.

ఆదివారాల్లో సారు కూడా ఆ పిల్లను అడగడం మానేశాడు. 'నీకేమమ్మా, నీతో నేనే నేర్చుకునేట్టుండా. ఈ మొద్దుల సంగతి చూడనీ' అని పక్కవాళ్ల దగ్గరికి పోయేవాడట. పిల్ల సారు కబుర్లు తగ్గించింది. ఒక వారం అసలు పోనేలేదు. వసంతమ్మకు లోలోపల హాయిగా అనిపించింది. ఆ హాయి చూసి ఆమెకే సిగ్గేసింది. అయినా అది పోలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. షాహీదాబీకి జ్వరం తగిలింది.

"అక్కా, ఈ ఆదివారం నువ్వు తోడు పో. తప్పకుండా రమ్మన్నాడంట సారు," అని అడిగింది.

పిలిచిందే చాలన్నట్టు బయల్దేరింది వసంతమ్మ. తలుపు పక్కన బెంచీ మీద కూర్చుని ఆయనను చూసింది. బట్టతల, చంకలో గుడ్డసంచి, ప్రతి మాటకూ ముందు ఒక దగ్గు. ఈయనేనా అనుకుంది.

"ఈ పొద్దు నా గొంతు బాగలేదు," అన్నాడు నారాయణ. "ఖమ్రున్నీసా, నువ్వు లేసి ఆ చీనీకాయల సూత్రం యాడ పనిచేయదో వీళ్లకు చెప్పమ్మా. జవాబులో ఎంత బాగా రాసినావు."

పిల్ల లేచింది. మొదటి వాక్యం కాగితంలో ఉన్నట్టే వచ్చింది. రెండోదీ వచ్చింది. ముందు వరసలో ఒకడు, "అంటే ఏంది?" అన్నాడు. మూడోది రాలేదు.

"బట్టీ బండి ఆగిపోయిందప్పా," అన్నాడు వెనక నుంచి ఇంకొకడు. గది గొల్లుమంది.

"నీ బండి ఇంకా కదల్నేలేదు, కూర్చో," అన్నాడు సారు.

ఖమ్రున్నీసా అలవాటుగా తలుపు వైపు చూసింది. సారు కూడా ఆ చూపు వెంట అటు చూశాడు. వసంతమ్మ నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. పెదవి కదిపితే చాలు, పిల్ల అందుకుంటుంది. కాని పరీక్ష గదిలో తాను ఉండదు. ఖలందర్ మిషను మీద తల వంచుకుని అన్న మాట గుర్తొచ్చింది. ఆమె ముఖం తిప్పుకుని వీధిలోకి చూసింది.

"తెలీదు సార్," అంది ఖమ్రున్నీసా. తర్వాత మెల్లగా, "ఆ జవాబులు నావి కావు సార్," అంది.

ఎవరివని ఆయన అడగలేదు. కుర్చీ లాక్కుని ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాడు.

"అబ్బ, ఇన్నాళ్లకు నాకొక పని పెట్టినావు. చెప్పు, యాడ తెలీదు?"

పిల్ల సారు వైపు తిరిగింది. "తినేవాటికి సరే సార్. మనుషులకు గూడా అంతేనా? రోజూ చూస్తాంటే వాళ్ల మీద ఇష్టం తగ్గుతాదా?"

ఎవరూ నవ్వలేదు. వసంతమ్మ చెంగు గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల ఎవరిని తలుచుకుని అడిగిందో ఆమెకు తెలియలేదు.

"పుస్తకంలో మనుషుల ఊసు లేదమ్మా. పరీక్షలో రాయొద్దు," అన్నాడు సారు. "కాని ఇది అడిగినావు గాబట్టి సూత్రం నీకు పట్టుబడింది. ఇంకా ఏముండాయి, అన్నీ బయటికి తియ్."

పిల్ల తీసింది. ఒకదాని వెనక ఒకటి అడుగుతూనే ఉంది. ఇన్ని ప్రశ్నలు ఎక్కడ దాచుకుంది? చాప మీద ఎదురుగా కూర్చుని ఒక్కటీ అడగలేదే అనుకుంది వసంతమ్మ. అడగడానికి తాను ఎప్పుడైనా మాట ఆపిందా అన్నది ఆ తర్వాత తోచింది.

పోయేటప్పుడు ఆయన తలుపు దగ్గర ఆగాడు.

"మీ రాత శానా బాగుంటాది టీచరమ్మా. పరీక్షకు ముందు ఇంకొక్క జవాబు పంపేదుంది. దాన్ని తప్పుల్తోనే పంపనీయండి. ఆ తప్పులు చేతికొస్తే పిల్లను గట్టున పడేస్తా."

"అట్లనే సారూ," అంది. ఆయన కోప్పడి ఉంటే ద్వేషించడం తేలికయ్యేది.

సోమవారం ఖమ్రున్నీసా రాలేదు. మంగళవారమూ రాలేదు. వసంతమ్మ చాప పరిచి, మళ్లీ చుట్టి మూలన పెట్టింది. ఇక రాదని తనకు తానే చెప్పుకుంది. ఆ వారం చివర్లో గడప దగ్గర చెప్పుల చప్పుడైంది.

"జవాబు పోస్టులో ఏసొస్తాండా టీచరమ్మా."

"నాకు చూపియ్యకుండానా?"

"చూపిస్తే మీరు దిద్దుతారు."

"తప్పులుంటాయి."

"శానా ఉంటాయి. సారు చూసుకుంటాడులే."

"మరి ఈడికెందుకొచ్చినావు?" మాట అనుకున్నదానికంటే కరుకుగా వచ్చింది.

ఖమ్రున్నీసా ఆమె ముఖం చూసింది. "ఊరికే," అంది. తానే చాప తెచ్చి పరుచుకుని కూర్చుంది. మళ్లీ సారు గురించే మొదలుపెట్టింది. ముద్దనూరులో బస్సు తప్పితే ఆయన లారీ ఎక్కి వచ్చిన సంగతి. వసంతమ్మకు కడుపులో మంట చల్లారలేదు. వింటూ కూర్చుంది. పిల్ల మధ్యలో ఆగితే, "ఊ, ఆ తర్వాత?" అంది.