మూత పెట్టిన బొమ్మ

తైపేలో, నైహూ వైపు ఒక చిన్న కంపెనీ పిల్లల బొమ్మల కథల యాప్ తయారుచేసేది. పేజీ తిప్పితే బొమ్మ నత్తలా పాకుతూ వచ్చేది. అందరూ తలలు పట్టుకున్నాక ఆ చిక్కు విప్పింది అక్కడి ప్రోగ్రామరమ్మాయి యున్‌షి.

సి++ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్ బొమ్మ గీసి, దాని కాపీ యాప్‌కి ఇచ్చేది. యాప్ ఇంకో కాపీ తీసి గ్రాఫిక్స్ చిప్‌కి అందించేది. పేజీ తిప్పిన ప్రతిసారీ ఇదే తంతు. యున్‌షి ఆ కాపీలన్నీ ఎత్తేసింది. చిప్ చదువుకునే మెమరీలోనే బొమ్మను నేరుగా ఒక్కసారి గీయించి, ఇక ఎవరూ ముట్టుకోకుండా దాచి, అడిగినప్పుడల్లా అదే చూపించేలా చేసింది.

ఆ సంగతి ముందుగా చెప్పింది పోజుయికే. కాలేజీలో ఆమెకు సీనియర్, అదే కంపెనీలో పనిచేస్తూ ఈ ఉద్యోగం ఇప్పించినవాడు. నూడుల్స్ కొట్లో ఎదురుగా కూర్చుని అడిగాడు.

"బానే ఉంది గానీ, దాచిన బొమ్మని మార్చాల్సొస్తే?"

"మార్చకూడదు, అన్నా. వండి మూత పెట్టేశాం. మూత తీసి ఉప్పేశావా, అది వేరే వంట. కొత్త పేరు పెట్టి మళ్ళీ దాచుకో. పాత పేరుతో వడ్డిస్తే తినేవాడు తిడతాడు."

"వంట రాదు గానీ కబుర్లకేం తక్కువలేదు నీకు," అని పోజుయి పడీపడీ నవ్వాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఊళ్ళో ప్రోగ్రామర్ల సభ జరిగింది. "బోరు కొడుతుంది, నువ్వు రాకు," అన్నాడతను. ఇంట్లో ఏమీ తోచక ఆమె వెళ్ళింది. వేదిక మీద పోజుయి ఉన్నాడు. తెర మీద, తన పద్ధతిని వివరిస్తూ యున్‌షి గీసుకున్న పటం ఉంది. కింద అతని పేరొక్కటే ఉంది.

ఎవరో లేచి, దాచిన బొమ్మని మార్చాలంటే ఎలా అని అడిగారు.

"మూత తీసి ఉప్పేశారా, అది వేరే వంట," అన్నాడు పోజుయి. హాలంతా ఘొల్లున నవ్వింది. ఎక్కడైనా తడబడి ఉంటే యున్‌షి క్షమించేదేమో. అతను ఒక్క ముక్క కూడా పొల్లుపోనివ్వలేదు. ఆమె లేచి బయటికి వచ్చేసింది.

సభ అయ్యాక బయట మెట్ల దగ్గర ఆమెను చూసి అతను ఆగిపోయాడు.

"నీకు స్టేజీ అంటే భయం కదా, అందుకని..."

"నన్నో మాట అడగాల్సింది."

"అడిగితే నీ పేరు కూడా పెట్టమంటావని."

అబద్ధమాడినా బాగుండేదనిపించింది ఆమెకు.

సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన టీ చప్పరిస్తూ, "టీమ్ అన్నాక నీదీ నాదీ ఏంటమ్మా," అన్నాడు. పోజుయిని గ్రాఫిక్స్ విభాగానికి పెద్దను చేస్తున్నట్టు ఆయనకు అప్పటికే తెలుసు. నెల తిరక్కుండా యున్‌షి వేరే కంపెనీలో చేరింది. వెళ్ళే ముందు తన కోడ్ అంతటికీ వివరాలు రాసి ఇచ్చింది. అందులో ఒక్క పుల్లవిరుపు మాట లేదు.

కొత్త సంవత్సరం వంటలప్పుడు వాళ్ళమ్మ అడిగింది. "మీ పోజుయి అన్న రాడేమే? వాడికిష్టమని ముల్లంగి తురిమి, బియ్యప్పిండి కలిపి కేకు చేశాను."

"ఇక రాడమ్మా," అంది యున్‌షి.

అమ్మ కూతురి మొహంలోకి చూసి, కేకు గిన్నె ఆమె ముందుకు జరిపి, "అయితే నువ్వు తిను," అంది.