ఐదో కుర్చీ

బ్రష్షులు కడిగిన నీళ్ళంటే నాకు వెగటు. పోటీల నెల వచ్చిందంటే చాలు, స్టాఫ్‌రూమ్ పక్కనున్న సింకులో ఆ నీళ్ళు బురదరంగుకి తిరిగి, నానబెట్టి మర్చిపోయిన గుడ్డల వాసన వేస్తాయి. అవి పిల్లలు వాడిన రంగులు కావు, పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయాక నేను వాడినవి. మా బడిలో దీన్ని 'ఫినిషింగ్' అంటారు. బడుల మధ్య జరిగే ప్రతిభా పోటీలకి పిల్లలు బొమ్మలు వేస్తారు. డ్రాయింగ్ టీచర్ని కాబట్టి వాటిని నేను ముందేసుకుని కూర్చుని వంకర ముక్కులు తిన్నగా చేస్తాను, ఊదారంగు చెట్లకి పచ్చరంగు పూస్తాను, ఏడుపు మొహాలకి నవ్వులు అతికిస్తాను. ఆ పైన అదే కాగితం వెనక 'ఇది విద్యార్థి స్వయంగా వేసినది' అని సంతకం పెట్టేదీ నేనే. ప్రిన్సిపాల్ గారి గదిలో అద్దాల బీరువా నిండా ఉన్న కప్పుల్లో సగం నా చేతి చలవే. దుమ్ము దులిపేటప్పుడు కూడా వాటి వంక చూడబుద్ధి కాదు.

"పిల్లలు వేస్తే పిల్లలు వేసినట్టే ఉంటుంది మేడమ్. మనకి ప్రైజు వచ్చేట్టు ఉండాలి" అంటారు ప్రిన్సిపాల్ గారు. అదేదో గొప్ప సంగతి కనిపెట్టినట్టు ప్రతి ఏడూ అదే మాట. లెక్కల మాస్టారికి ఒలింపియాడ్ పిల్లల్ని తయారు చేస్తే పీరియడ్లు తగ్గిస్తారు. నాకు మాత్రం బడి అయ్యాక ఆగి చేసే ఈ పని పనిలోకే రాదు. "మీకేముంది మేడమ్, రంగులు పూసుకుంటూ హాయిగా కూర్చునే ఉద్యోగం" అంటాడా మాస్టారు. ఇంటికెళితే మా ఆయనదీ అదే పాట. "అలసిపోయానంటావేంటి? నువ్వేమైనా రాళ్ళు మోశావా?" నేను అక్కడి పని దించుకుని ఇక్కడి పని నెత్తికెత్తుకునేసరికి ఆయన టీవీ ముందు కాళ్ళు చాపుకుని, ఆకలేస్తోందని ఇల్లంతా వినబడేట్టు ఆవులిస్తాడు.

ఈ ఏడు పోటీకి ఇచ్చిన అంశం 'ఆనందమయ కుటుంబం'. నెగ్గినవాళ్ళని పేరున్న చిత్రకారుల దగ్గర వేసవి శిబిరానికి తీసుకెళతారు. మా అమ్మాయి కూడా మా బడిలోనే చదువుతుంది. చిన్నప్పుడు మెతుకు మెతుకు ఏరుకుని తినేదని దానికి పిచ్చుక అని పేరు పెట్టాను, అదే నిలిచిపోయింది. పెన్సిల్ పట్టుకున్నప్పటి నుంచీ దానికి బొమ్మల యావ. ఈ శిబిరం మీద ఎంత ఆశ పెట్టుకుందంటే, దాని గురించి పైకి ఒక్క మాట కూడా అనదు. నాకు ముందుగా చూపించకుండా, అందరితోపాటే తన బొమ్మ కూడా తెచ్చి కట్టలో పెట్టింది.

ఆ కట్ట విప్పింది ప్రిన్సిపాల్ గారు. బిస్కట్టు తింటున్నారు. అన్ని బొమ్మల్లోనూ ఒకటే కుటుంబం, వరసగా నిలబడి పళ్ళికిలిస్తూ. పిచ్చుక బొమ్మ దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది.

అది భోజనాల బల్ల కింద దూరి చూసినట్టు వేసిన బొమ్మ. మొహాలు లేవు, అన్నీ కాళ్ళే. ఒక కుర్చీ కింద మగ కాళ్ళు, ఒకదాని మీద ఒకటి వేసుకుని, పై కాలి బొటనవేలు దర్జాగా పైకి లేచి ఉంది. ఇంకో కుర్చీ కింద చలికి ముడుచుకుని అడ్డకర్ర మీదకి ఎక్కిన ముసలి పాదాలు. మూడో కుర్చీ కింద ఊలు మేజోళ్ళు. నాలుగో కుర్చీ కింద నేలకి అందని రెండు చిన్న కాళ్ళు. వీటన్నిటికీ అవతల, దూరంగా, పొయ్యి దగ్గర, తడిసిన నైటీ అంచు కింద రెండు పాదాలు. ఒకటి నేల మీద ఉంది. రెండోది ఎత్తి మొదటిదాని పిక్కని గోక్కుంటోంది. మడమల నిండా పగుళ్ళు. ఒక్కో పగులుని అది ఎంత ఓపిగ్గా వేసిందో. అలా ఒంటికాలి మీద నిలబడతానని నాకే తెలియదు.

"ఇదేం బొమ్మ మేడమ్, మొహాలు లేకుండా?" అని బిస్కట్టు పొడి అంటిన వేలిని ఆయన సరిగ్గా ఆ మడమల మీద పెట్టారు. "ఛీ, ఈ కాళ్ళు చూడండి. పనిమనిషిని కూడా వేసినట్టుందే పాప."

లెక్కల మాస్టారు నవ్వాడు. నేను కుర్చీ కింద నా పాదాలు వెనక్కి లాక్కున్నాను. మేజోళ్ళూ బూట్లూ వేసుకునే ఉన్నాను, ఎవరికీ ఏమీ కనబడదు, అయినా లాక్కున్నాను. అలా లాక్కున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. కాగితం మీద బిస్కట్టు జిడ్డు మరక మిగిలింది.

"మీ పాపే కదా, కొంచెం శ్రద్ధగా ఫినిష్ చెయ్యండి. ఆ మనిషిని తీసేసి తల్లిని కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టండి. కుటుంబమంతా కలిసి భోంచేస్తున్నట్టు. అలాంటివి జడ్జీలకి నచ్చుతాయి" అన్నారు ఆయన.

నేను ఇంటికి చేరేలోపే ఆ కబురు ప్రిన్సిపాల్ గారి ఫోనుతో ఇంటికి చేరిపోయింది. బూట్లు విప్పుతుంటే మా ఆయన ఎదురొచ్చాడు.

"ఏంటిది? కడుపుకి తిండి పెట్టని కొంపలా వేసిందట మన ఇంటిని. రేపు ఆ బొమ్మని గోడకి తగిలిస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"నిన్నెవరు నిలబడమన్నారమ్మా?" అంది అత్తయ్య కూర్చున్న చోటి నుంచే. "నువ్వే కూర్చోవు. నీకు నువ్వుగా నిలబడి, పిల్లకి అవన్నీ నూరిపోసి, మమ్మల్ని రచ్చకీడ్చడం దేనికి?"

మామయ్య పేపరు మడిచి, మళ్ళీ విప్పి, మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన మంచివాడని అందరూ అంటారు. ఇలాంటప్పుడల్లా ఆయన మంచితనం ఆ పేపరు వెనకాలే ఉంటుంది.

ఆ బల్ల కొన్న రోజు నాకు బాగా గుర్తు. దుకాణంవాడు ఆరు కుర్చీల సెట్టు చూపిస్తే అత్తయ్య అడ్డంగా తలూపింది. "నాలుగు చాలు నాయనా. వడ్డించే మనిషి ఎలాగూ కూర్చోదు కదా." మా ఆయన సరేనన్నాడు. దుకాణంవాడు నావైపు చూసి నవ్వితే, మర్యాదకి నేనూ నవ్వాను. పిచ్చుక అప్పుడు నా చంకలో ఉంది. అది పెరిగి నాలుగో కుర్చీ ఎక్కింది. నేను మాత్రం అందరూ లేచాక, గిన్నెలు గట్టు మీద పెట్టుకుని, అడుగున మిగిలింది నిలబడే గీరుకుని తింటున్నాను. ఒకరి కంచంలో నీళ్ళు, ఇంకొకరి కంచంలో చేతులు కడిగిన నురగ, మా ఆయన నమిలి పక్కన పెట్టిన పిప్పి చూస్తూ తింటాను. ఇన్నేళ్ళూ ఆ మనుషులు నాకు అసహ్యం కాలేదు. ఆ కంచాలే అసహ్యం అనుకుని సర్దుకుపోయాను.

"ఇందులో అంత ఆలోచించడానికేముంది? పక్కన నువ్వు కూడా కూర్చున్నట్టు ఇంకో కుర్చీ గియ్యి, అయిపోతుంది" అన్నాడు మా ఆయన.

"మనింట్లో ఐదో కుర్చీ లేదుగా నాన్నా" అంది పిచ్చుక. ఎదురుచెప్పడం కాదు, ఉన్న మాట చెప్పింది.

"బొమ్మలో వెయ్యడానికి కుర్చీ కొనక్కర్లేదే పిచ్చిదానా" అని మా ఆయన పకపకా నవ్వాడు. అత్తయ్యా నవ్వింది. పేపరు కూడా కదిలింది.

ఇంతకాలానికి నన్ను కూర్చోమన్నారు, అదీ కాగితం మీద. ఖర్చు లేని కుర్చీలో, జడ్జీలు చూస్తారు కాబట్టి. ఆ కుర్చీని కూడా నేనే గీసుకోవాలి, అదీ బడి అయ్యాక ఆగి.

వంటింట్లోకి వెళితే పిచ్చుక వెనకే వచ్చింది. గట్టుకి ఆనుకుని, నా మొహం వంక కాక నా కాళ్ళ వంక చూస్తూ అడిగింది.

"నాదీ దిద్దుతావా అమ్మా? అందరివీ దిద్దుతావుగా."

"నీకెవరు చెప్పారు?"

"క్లాసులో అందరికీ తెలుసు. పోయినసారి ప్రైజొచ్చిన అమ్మాయి తన బొమ్మని తనే పోల్చుకోలేకపోయింది." అది గట్టు అంచుని గోటితో గీరింది. "దిద్దితే దిద్దు. కానీ దాని మీద నా పేరు తీసెయ్. శిబిరానికి నేను వెళ్ళను. ఆ కాళ్ళని రోజూ చూసి చూసి వేశాను."

దాని గొంతులో ఏడుపు లేదు. శిబిరం పేరు చెప్పేటప్పుడు మాత్రం కింది పెదవి కొరుక్కుంది. నేనేం చెప్పినా నా నోట్లో అబద్ధంలాగే ఉంటుందనిపించింది.

మర్నాడు బడి అయ్యాక అన్ని బొమ్మలూ బల్ల మీద పరిచాను. రంగులు తీశాను, నీళ్ళు పట్టాను. ఊదారంగు చెట్టు ఒకటి కనబడింది. అలవాటుకొద్దీ బ్రష్షు పచ్చరంగులోకి వెళ్ళింది. పచ్చరంగు ఎందుకు? ఆ పిల్లకి చెట్టు ఊదారంగులోనే కనబడి ఉండొచ్చు కదా. నా అమ్మాయి వేసిన పాదాలని కొంగు చాటున కాపాడుకుని, పక్కవాళ్ళ పిల్ల చెట్టుని మాత్రం చెరిపేయడం ఇంకో రకం రోత. బ్రష్షు కింద పెట్టేశాను. నీళ్ళు తేటగా ఉండగానే సింకులో పారబోశాను.

పిచ్చుక బొమ్మ మీద జిడ్డు మరకని రబ్బరుతో మెల్లగా తీశాను. నేను దిద్దింది అదొక్కటే. బొమ్మలన్నిటి వెనకా సంతకాలు పెట్టాను. ఈసారి రాసిన మాటా నిజమే, పెట్టిన సంతకమూ నిజమే. ప్యాకింగ్ కూడా నా పనే. అట్టలు కోసి టేపులు అంటించే పని దగ్గరికి ప్రిన్సిపాల్ గారు ఎన్నడూ వచ్చిన మనిషి కాదు, ఆ చిన్నచూపు ఇన్నేళ్ళకి ఒక్కసారి నాకు అక్కరకొచ్చింది. కట్ట నేనే తీసుకెళ్ళి పంపించి, ఇంటికి వచ్చే దారిలోనే ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "ఫినిషింగ్ చెయ్యలేదండీ. ఇక మీదట కూడా చెయ్యను." ఆయన కప్పుల గురించి, బడి పరువు గురించి, నా ఉద్యోగం గురించి వరసగా చెప్పుకొచ్చారు. ఆయన మాట్లాడుతుండగానే ఇల్లొచ్చింది. "ఉంటానండీ" అని పెట్టేశాను.

వంట చేశాను. గిన్నెలన్నీ గట్టు మీదే ఉంచాను. నాకు ఒక కంచంలో వడ్డించుకుని, ముందుగది దాటుకుంటూ వచ్చి, బల్ల దగ్గర మా ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కుర్చీ ఎత్తుగా, ఒంటికి ఒదిగినట్టు ఉంది. కూర్చుంటే ఇంత బాగుంటుందని ఎవరూ నాకు చెప్పలేదు. కాలి మీద కాలు వేసుకున్నాను. వేడి చల్లారకముందే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు సరిపోయిందని తెలుసుకున్నాను.

అత్తయ్యా మామయ్యా వచ్చి వాళ్ళ వాళ్ళ చోట్లలో కూర్చున్నారు. "అది వాడి కుర్చీ" అంది అత్తయ్య మెల్లగా, నేనేదో పొరబాటున కూర్చున్నట్టు. నేను నములుతున్నాను. పిచ్చుక తన కుర్చీ ఎక్కి, తల వంచి, బల్ల కిందకి తొంగి చూసింది. చాలాసేపు చూసింది.

మా ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చి ఆగాడు. ఖాళీ బల్లని చూశాడు, నా కంచం చూశాడు, నలుగురం కూర్చున్న నాలుగు కుర్చీలూ చూశాడు.

"వంట గట్టు మీద ఉంది, పెట్టుకోండి" అన్నాను.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?" అన్నాడు.

ఆ ఇంట్లో ఒక మనిషి ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.